మొహమాటానికి రాయని కాగితం

మాస్టారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున నేను ఆస్పత్రిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా టీ పెట్టుకుంటుంటే ఫోను మోగింది. అవతల ఆయన భార్య. హ్యూస్టన్‌లో తెలుగువాళ్ళం, మతంతో పని లేకుండా, ఆవిణ్ణి ఆపా, అంటే అక్కా, అనే పిలుస్తాం. "సిస్టరమ్మా, ఒకసారొస్తావా? మీ మాస్టారు నమాజుకి లేవలా. పిలిస్తే పలకట్లా" అంది. గొంతులో ఏడుపు లేదు, తొందరా లేదు.

నేను వెళ్ళేసరికి అపార్ట్‌మెంట్ తలుపు తీసే ఉంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి పట్టుకుని చూశాను. నర్సుగా నేను చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. "అంబులెన్స్‌కి ఫోన్ చేశావా ఆపా?" అని అడిగాను. "నువ్వొచ్చి చూశాక చేద్దామని ఊరుకున్నా. వాళ్ళొస్తే బిల్లేస్తారు గదమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది అప్పుడే. ఆయన పోయారన్న సంగతి ఇంకా నా బుర్రకెక్కలేదు, ఆ బిల్లు మాటకే ఏడ్చాను.

ఈ ఊళ్ళో ఆయన గురించి రెండు రకాల మాటలున్నాయి. దేవుడిలాంటి మనిషి అనేవాళ్ళు కొందరు, చేతకానివాడు అనేవాళ్ళు కొందరు. ఇద్దరూ ఆయన్ని సరిగ్గా చూడలేదని నా అభిప్రాయం. మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు రెండు మాటలు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు రాయడం పెద్దగా రాదు, కోపం మాత్రం బాగా వచ్చు. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మాస్టారిది గుంటూరు జిల్లా. అక్కడ కాలేజీలో కామర్స్ చెప్పేవారు. ఇక్కడికి వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రాలు అకౌంటింగ్ చెప్పేవారు. ఆగస్టు ఎండలో కూడా టై లేకుండా బయటికి వచ్చేవారు కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు వేలి కణుపులతో గోడ మీద కొట్టి చూసేవారు. అమెరికా గోడలు కదా, డొల్లగా మోగేవి. "ఇది గోడా, అప్పడమా? దీనికి ముప్పై ఏళ్ళు వడ్డీ కడతావా నువ్వు?" అని ఇంటాయన్ని నిలదీసేవారు. కొత్త ఇల్లు కొని, పాయసం వండి పిలిచినవాళ్ళకి ఆ మాట ఎంత చురుక్కుమనేదో ఆయనకి తెలిసేది కాదు. ఆపా వెనకనుంచి చొక్కా లాగేది.

నన్ను మొదటిరోజు నుంచీ సిస్టరమ్మా అనే పిలిచారు. మా ఆయన్ని పేరు పెట్టకుండా 'అబ్బాయ్' అనేవారు. మేము గోదావరి జిల్లా లూథరన్ క్రైస్తవులం. మా పాస్టరుగారు "ముస్లిం మాస్టారితో మీకేం లావాదేవీలమ్మా" అని నవ్వుతూనే ఒకసారి అడిగారు. ఆ మాట మాస్టారికి చెబితే ఆయనా నవ్వారు. "మీ బైబిల్లో కూడా వడ్డీ వద్దనే ఉందిగదా సిస్టరమ్మా. మీవాళ్ళు ఆ పేజీ తిప్పేశారు, మావాళ్ళు ఆ పేజీ చదివి బ్యాంకుకి పోతున్నారు. ఇద్దరం ఒకటే" అన్నారు.

డెబ్బైల చివర సంగతి ఇది. గల్ఫ్‌లో వడ్డీ లేని బ్యాంకులు లేస్తున్నాయని ఇక్కడా చెప్పుకునేవారు. చమురు పనుల మీద కువైట్, దుబాయ్ వెళ్ళొచ్చిన ఇంజనీర్లు ఆ బ్యాంకుల బ్రోచర్లు పట్టుకొచ్చేవారు. మాస్టారు వాటిని పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర పెన్నుతో దిద్దేవారు. కొన్నిచోట్ల మెచ్చుకోలుగా టిక్కు పెట్టేవారు, కొన్నిచోట్ల "ఇది వడ్డీయే, బురఖా వేశారు" అని రాసేవారు. ఆయన దృష్టిలో అసలు కిటుకు వడ్డీ అన్న పేరు తీసెయ్యడంలో లేదు. డబ్బు పెట్టినవాడు నష్టంలో కూడా పక్కన కూర్చోవాలి. "లాభమొచ్చినప్పుడు చుట్టం, నష్టమొచ్చినప్పుడు కోర్టు. ఇదేం స్నేహం?" అని బ్యాంకుల్ని తిట్టేవారు.

అప్పట్లో మసీదంటే ఒక పాత ఇల్లు. శుక్రవారం నమాజు అయ్యాక ఆ వరండాలో మాస్టారు తన సంఘం మొదలుపెట్టారు. అది పనిచేసే పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. డబ్బున్నవాళ్ళు సంఘంలో వాటాలు కొంటారు. ఆ డబ్బుతో, ఇల్లు కావాల్సిన కుటుంబంతో కలిసి సంఘం ఒక ఇల్లు కొంటుంది. ఇల్లు ఇద్దరిదీ. కుటుంబం సంఘం వాటాకి అద్దె కడుతుంది, ఇంకొంచెం ఎక్కువ కట్టి ఆ వాటాని మెల్లమెల్లగా కొనేసుకుంటుంది. అద్దె ఎంతన్నది ఏడాదికోసారి ఆ వీధిలో అద్దెలు విచారించి వేస్తారు. వచ్చిన అద్దె వాటాదారులు పంచుకుంటారు. ఇంటి ధర పెరిగితే వాళ్ళకీ పెరుగుతుంది, పడితే వాళ్ళకీ పడుతుంది.

మొదటి వాటా కొన్నది కొట్టు భాయి. హైదరాబాద్ మనిషి. బియ్యం, పప్పులు, ఊరగాయలు అమ్మే మన కిరాణా కొట్టు ఆయనదే. మాస్టారికి ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ ఉర్దూలో పోట్లాట మొదలుపెట్టి, పక్కన నేనున్నానని గుర్తొచ్చి తెలుగులోకి మారేవారు. వాటాకి రసీదు తప్ప ఇంకేం కాగితం ఉండేది కాదు. మాస్టారు ప్రతివాడికీ నిలబెట్టి చెప్పేవారు. "బాబూ, ఇది డిపాజిట్ కాదు. ఇల్లు పడిపోతే నీ డబ్బూ పడిపోద్ది. ఒప్పుకుంటేనే పెట్టు" అనేవారు. కొట్టు భాయి చెయ్యి ఊపేసేవాడు. "మీరు చెప్పినంక ఇంక కాగితం ఎందుకు మాస్టర్ సాబ్? మనం మనం ఒకటే గదా" అనేవాడు. మిగతావాళ్ళూ అదే మాట. తెలిసినవాడి ముందు కాగితం పెట్టి సంతకం చెయ్యమంటే అవతలివాడు చిన్నబుచ్చుకుంటాడని మాస్టారికి మొహమాటం. కాగితం ఏదని అడిగితే మాస్టారు చిన్నబుచ్చుకుంటారని వాళ్ళకి మొహమాటం. ఇళ్ళ దస్తావేజులు మాత్రం పక్కాగా లాయరుతో రాయించారు. అవి పరాయివాళ్ళ దగ్గర కొన్నవి కదా.

మా ఇల్లు అలాగే కొన్నాం. మా ఆయన అప్పుడు చమురు బావుల పరికరాలు తయారుచేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఏడాదికోసారి మాస్టారు టై కట్టుకుని మా వీధిలో అద్దెలు విచారించడానికి వచ్చేవారు. మా ఆయన్ని వెంటబెట్టుకుని ప్రతి గుమ్మం ఎక్కేవారు. కుక్కని తిప్పుకునే ముసలాయన ఒకడు ఈయన్ని ఇన్సూరెన్స్ ఏజెంట్ అనుకుని ప్రతిసారీ మొహం మీదే తలుపేసేవాడు. మాస్టారు మళ్ళీ ఏడాది అదే తలుపు కొట్టేవారు. నాలుగో ఏడు ఆయన జాలిపడి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, ఇల్లు తన సొంతమని, అద్దె సంగతి తనకేం తెలుసని చెప్పాడట. "మంచివాడు, కాఫీలో చక్కెర వెయ్యడు" అని మాస్టారు తిరిగొస్తూ మెచ్చుకున్నారు.

చమురు ధర పడిపోయిన రోజులు మీలో చాలామందికి తెలుసు. పార్కింగ్ లాట్లు ఖాళీ అయిపోయాయి. మా వీధిలో జనం ఇంటి తాళాలు కవరులో పెట్టి బ్యాంకుకి పోస్టు చేసి, రాత్రికి రాత్రి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. గడ్డి నడుమెత్తు పెరిగింది. కాఫీ ఇచ్చిన ముసలాయన కూడా కూతురి దగ్గరికి ఒహాయో పోయాడు. మా ఆయన్నీ లేఆఫ్ చేశారు. ఆయన ఇంట్లో కూర్చుంటే నేను డబుల్ షిఫ్టులు చేసేదాన్ని. బ్యాంకు అప్పున్న స్నేహితులు ఒక్కొక్కరే ఇళ్ళు పోగొట్టుకుంటుంటే, మా ఇల్లు ఉంటుందా పోతుందా అన్న ఒక్క ఆలోచనతో లేచేదాన్ని, దాంతోనే పడుకునేదాన్ని.

అప్పుడు మాస్టారు తనంతట తానే మా ఇంటికొచ్చారు. వీధి చూసి వచ్చానన్నారు. "ఇక్కడ అద్దె సగమైపోయింది అబ్బాయ్. ఈ నెల నుంచి మీరూ సగమే కట్టండి" అన్నారు. నేను నమ్మలేదు. మేం అడగలేదే అన్నాను. "నువ్వు అడగటమేంటి? వీధి చెప్పింది" అన్నారు. సంఘం ఇళ్ళన్నిటికీ అలాగే తగ్గించారు. వాటాల విలువ కూడా అంత మేరా తగ్గించి అందరికీ చెప్పారు. కొట్టు భాయి మండిపడ్డాడు.

"గిట్ల తగ్గించుకుంట పోతే మా పైసలు ఏమైతయ్ మాస్టర్ సాబ్? వాళ్ళు ఒప్పుకున్న కిరాయి వాళ్ళు కట్టాలె గదా?"

"మనం ఒప్పుకుంది అది కాదు భాయ్. ఏడాదికోసారి వీధిని అడుగుతామని ఒప్పుకున్నాం. పెరిగిన ఏళ్ళు నువ్వు తీసుకున్నావు, నేను వద్దన్నానా?"

"నా కొట్టు నడుస్తలేదు. కస్టమర్లంత ఊరిడిచి పోయిన్రు. నా సంగతి ఎవలు చూస్తరు?"

ఆ మాట నేను విన్నాను, అందుకే రాస్తున్నాను. కొట్టు భాయి చెడ్డవాడని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆయనకీ ఇల్లుంది, పిల్లలున్నారు, ఖాళీ కొట్టుంది.

తర్వాత వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయిన ఒక వాటాదారుడు తన డబ్బు మొత్తం వెనక్కి కావాలని లాయరు చేత రాష్ట్ర ప్రభుత్వానికి రాయించాడు. షేర్లు, బాండ్లు అమ్మేవాళ్ళ మీద నిఘా పెట్టే ఆఫీసు ఒకటి ఉంటుందని మాకెవరికీ అంతవరకు తెలీదు. రాజధాని ఆస్టిన్ నుంచి ఒకావిడ వచ్చింది. తెల్లావిడ, మాస్టారి వయసే ఉంటుంది, చదునైన చెప్పులు, బరువైన బ్యాగు. మాస్టారింట్లోనే విచారణ జరిగింది. సంఘం ఇళ్ళలో ఉండేవాళ్ళ తరఫున నన్ను కూర్చోమన్నారు. ఆపా టీ, సమోసాలు తెచ్చి పెట్టింది. ఆవిడ చాలా మర్యాదగా, తనకి రూల్స్ ఒప్పుకోవని చెప్పి మంచినీళ్ళు మాత్రం తాగింది. ఆవిడ వెళ్ళాక మాస్టారు మొదట అన్న మాట, "చూశావా సిస్టరమ్మా, టీ కూడా ముట్టుకోలా. ఉద్యోగమంటే అదీ" అని.

ఆవిడ అడిగింది చిన్న ప్రశ్నే. ఇది డిపాజిట్టా, వాటానా? డిపాజిట్ అయితే మీకు బ్యాంకు లైసెన్సు లేదు. మాస్టారు ఉత్సాహంగా, డిపాజిట్ కానే కాదు, లాభనష్టాల్లో వాటా అని చెప్పారు. క్లాసులో తెలివైన ప్రశ్న అడిగిన పిల్లని చూసినట్టు చూశారు ఆవిణ్ణి. అయితే వాటా అమ్మేముందు మా దగ్గర రిజిస్టర్ చెయ్యాలి, కొనేవాళ్ళకి నష్టాలు ఎలా రావచ్చో కాగితం మీద రాసివ్వాలి, ఆ కాగితం చూపించండి అంది. అందరికీ నోటితో చెప్పానన్నారు మాస్టారు. సాక్ష్యం ఏమిటని అడిగింది. వాళ్ళు నా మనుషులన్నారు. ఆవిడ పెన్ను మూతపెట్టి, మిమ్మల్ని మోసగాడని నేను అనుకోవడం లేదు, కానీ మోసగాళ్ళు కూడా ఇదే మాట చెబుతారు అంది. మాస్టారు తలదించుకున్నారు.

ఆ సాయంత్రం ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "బేరాలు రాసుకోమని మా గ్రంథంలోనే ఉంది సిస్టరమ్మా. ఊళ్ళో కాలేజీలో ఏటా పిల్లలకి అదే పాఠం చెప్పేవాణ్ణి. తెలిసినవాళ్ళ ముందు కాగితం పెట్టాలంటే చెయ్యి రాలా. ఆవిడ తప్పేం లేదు. మొహమాటపడి మునిగాం" అన్నారు.

ఆ ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. రిజిస్టర్ చెయ్యకుండా అమ్మిన ప్రతి వాటాకీ, కట్టిన డబ్బు పూర్తిగా వాపసు ఇస్తామని వాటాదారులందరికీ రాసి చెప్పాలి. చట్టప్రకారం వడ్డీతో సహా. అవును, వడ్డీతో సహా. వడ్డీ వద్దని పుట్టిన సంఘం వడ్డీ కట్టాలి. అమ్మింది తనే కాబట్టి సంఘం దగ్గర తక్కువైతే మాస్టారే పూడ్చాలి. ఒకే ఒక్క దారి ఉంది. వాపసు తీసుకోవాలా వద్దా అన్నది వాటాదారుడి ఇష్టం. నాకొద్దు, నా వాటా ఉంచుకుంటానని సంతకం పెడితే అంతటితో సరి. ఎక్కువమంది అలా పెడితే సంఘం రిజిస్టర్ చేయించుకుని బతుకుతుంది, మా ఇళ్ళు నిలుస్తాయి. అందరూ డబ్బడిగితే చచ్చిన మార్కెట్లో మా ఇళ్ళు అమ్మక తప్పదు.

మీటింగు ముందురోజు నేను మాస్టారింటికి వెళ్ళాను. బతిమాలడానికే వెళ్ళాను, దాచేదేం లేదు.

"ఒక్క మాట చెప్పండి మాస్టారూ. వాపసు తీసుకోకండి అని ఒక్కసారి మీ నోటితో అడగండి. మీరు అడిగితే కాదనేవాడు ఎవడూ లేడు."

"అందుకే అడగను" అన్నారు.

"మా ఇల్లు పోతుంది."

"తెలుసు."

"మీ ఇల్లూ పోతుంది."

"అదీ తెలుసు. నేను అడిగితే మొహమాటానికి సంతకం పెడతారు సిస్టరమ్మా. రేపు ఇంట్లో బియ్యం లేనప్పుడు నన్ను తిట్టుకుంటారు. ఒకసారి మొహమాటంతో చేసినందుకే ఇంతమంది మీదకి తెచ్చా. రెండోసారి చెయ్యమంటావా?"

ఆపా వంటింట్లోంచి వచ్చి, "అడగండి. మీకు మొక్కుతా, అడగండి" అంది. ఆయన లేచి వెళ్ళి, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకి కుళాయి తిప్పారు. ఆ కుళాయి చప్పుడు వింటూ మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.

స్కూలు వ్యాయామశాల అద్దెకి తీసుకుని మీటింగు పెట్టారు. మాస్టారు బోర్డు మీద సుద్దముక్కతో రెండు వైపులా రాశారు. వాపసు తీసుకుంటే ఏమొస్తుంది, ఉంచుకుంటే ఏం కావచ్చు. ఉంచుకునే వైపు నష్టాలే ఎక్కువ రాశారు. చివర్న, వాపసు తీసుకోవడం మీ హక్కు, తీసుకున్నవాణ్ణి ఎవరూ వేలెత్తి చూపకూడదు, నేను ఇక్కడుంటే మీకు ఇబ్బంది, నేను బయట ఉంటాను అని చెప్పి వచ్చేశారు. పార్కింగ్ లాట్‌లో ఆపా, నేను, మా ఆయన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాం. మాస్టారు మా పక్కనే నిలబడి, మా ఆయన ఉద్యోగం వేట ఎంతవరకొచ్చిందని అడిగారు. ఆ ప్రశ్న అడగడానికి ఆయనకి ఆ టైమే దొరికింది.

తలుపు తీసుకుని అందరికంటే ముందు బయటికొచ్చింది కొట్టు భాయి. మా దగ్గరికి రాలేదు. దూరం నుంచే సలాం చేసి కారెక్కాడు. ఆ చెయ్యి పైకెత్తిన తీరు చూసే నాకు తెలిసిపోయింది. ఆయన తీసుకున్నాక మిగతావాళ్ళకీ దారి తేలికైంది. ఇద్దరో ముగ్గురో మాత్రం ఉంచుకుంటామన్నారు. వాళ్ళవల్ల ఏ ఇల్లూ నిలవదు.

మొదట అమ్మింది మాస్టారి ఇల్లే. తర్వాత ఒక్కొక్కటీ పోయాయి. మా ఇల్లు మేం కొన్న ధరలో సగానికి కూడా రాలేదు. మా వాటా కింద వచ్చింది ఒక పాత కారు కొనుక్కోవడానికి సరిపోయింది. వాటాదారులకి కట్టిన డబ్బు వడ్డీతో సహా అందింది, తక్కువైంది మాస్టారు తన ఇంటి డబ్బులోంచి పూడ్చారు. లాభనష్టాలు పంచుకుందామని మొదలుపెట్టిన సంఘంలో నష్టం మాత్రం మా మీదా ఆయన మీదా పడింది. నాకు కోపమొచ్చింది. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ కోపం ఇప్పటికీ ఉంది, ఆయన పోయినా పోలేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆ మనుషులు మీకు సరిగ్గా తెలియరు. చెక్కులు అందిన వారం నుంచి ఒక్కొక్కరే మాస్టారి అపార్ట్‌మెంటుకి రావడం మొదలుపెట్టారు. చెక్కులో వడ్డీ భాగం లెక్కగట్టి, కవరులో పెట్టి తెచ్చారు. అది వాళ్ళు తినకూడదు. మసీదుకీ ఇవ్వకూడదు. పారేయనూకూడదు. ఏం చెయ్యాలో చెప్పమని, ఇల్లు పోగొట్టుకున్న ఆయన్నే అడిగారు. "మన దేశంలో అయితే ఇలాంటి డబ్బుతో ఊరికి మరుగుదొడ్లు కట్టిస్తారు. హ్యూస్టన్‌లో ఎవరికి కట్టించాలి?" అని మాస్టారు నవ్వారు. కష్టంలో ఉన్నవాళ్ళకి, పుణ్యం ఆశించకుండా ఇచ్చెయ్యొచ్చట. ఆ డబ్బుతో ఉద్యోగాలు పోయినవాళ్ళ కరెంటు బిల్లులు, గ్యాస్ బిల్లులు కట్టించారు. మా బిల్లు కూడా కట్టించారు. నేను వద్దనలేదు. మొహమాటపడే ఓపిక అప్పటికి నాకు లేదు.

ఆయన బిల్లు మాత్రం ఆ డబ్బులోంచి కట్టనివ్వలేదు. కాలేజీలో సాయంత్రం క్లాసులు తగ్గించేశారు, ఇన్సూరెన్స్ పోయింది. టాక్స్ ఫారాలు నింపే దుకాణంలో కుర్చీ వేసుకున్నారు. రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. గుండె పరీక్ష చేయించుకోమని నేను అరిచాను. "ఆ కవర్లలో డబ్బుంది కదా, మీకంటే కష్టంలో ఎవరున్నారు?" అన్నాను. "నావల్లే వాళ్ళ చేతికి ఆ వడ్డీ అంటింది. దాంతో నా గుండె బాగుచేసుకోమంటావా?" అన్నారు. ఇలాంటి మనిషిని ఏం చేస్తారు? బ్లడ్ ప్రెషర్ చూసే పట్టీ తెచ్చి, వారం వారం చూసి, తిట్టి వెళ్ళేదాన్ని. అంతకంటే చెయ్యలేకపోయాను.

ఈ మధ్య టెక్సాస్‌లో ఇళ్ళ అప్పులిచ్చే పెద్ద పెద్ద సంస్థలు వరసగా కూలుతున్నాయి కదా. డిపాజిట్లన్నీ ప్రభుత్వమే చెల్లిస్తోందని పేపర్లో చదివి మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "చూశావా సిస్టరమ్మా, వాళ్ళు మనకన్నా బాగా మునిగారు. కానీ కాగితం ఉంది" అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చివరి ఏడాది ఆయన దగ్గరికి వేరే ఊళ్ళ నుంచి కుర్రవాళ్ళు వచ్చేవారు. సూట్లు వేసుకుని, చేతిలో బ్రీఫ్‌కేసులతో. కాలిఫోర్నియా నుంచి ఒకరు, చికాగో నుంచి ఒకరు. వడ్డీ లేకుండా ఇళ్ళు కొనే సంఘాలు, సారాయి కంపెనీల షేర్లు ముట్టుకోని పెట్టుబడి ఫండ్లు, అన్నీ రిజిస్టర్ చేసి మొదలుపెడతామనేవారు. మాస్టారు వాళ్ళకి తన ఘనత ఏమీ చెప్పేవారు కాదు. కుర్చీలో కూర్చోబెట్టి ముందు తన తప్పు చెప్పేవారు. "కొత్తవాడికి ఒకసారి రాసివ్వండి. తెలిసినవాడికి రెండుసార్లు రాసివ్వండి" అనేవారు. వాళ్ళు ఆ మాట రాసుకునేవారు. ఆపా వాళ్ళకి అన్నం పెట్టేది. వాళ్ళ పనులు నిలబడతాయేమో, నిలబడితే మంచిదే. వాళ్ళలో ఒక్కడు కూడా ఈయన గుండె సంగతి అడగలేదు.

శనివారం మధ్యాహ్నం ఖననం. ఊరికి దూరంగా, కౌంటీ రోడ్డు పక్కన మసీదువాళ్ళు కొన్న నేల అది. ముందురోజంతా వాన పడింది. నల్లమట్టి బూట్లని పట్టుకుని వదలడం లేదు. ఆడవాళ్ళం కార్ల దగ్గరే ఆగాం. ఆపా నా భుజం పట్టుకుని నిలబడింది. మా ఆయన, కొత్త ఉద్యోగానికి సెలవు పెట్టి, మగవాళ్ళతో కలిసి భుజం పట్టడానికి వెళ్ళాడు. వాటాలు వాపసు తీసుకున్నవాళ్ళందరూ వచ్చారు. ఒక్కడూ తప్పలేదు. ఆపా ఒక్కొక్కర్నీ చూస్తూ, "వచ్చారు. అందరూ వచ్చారు" అని మెల్లగా అంటూనే ఉంది.

గోతిలోకి దించాక ఒక్కొక్కరూ మూడు గుప్పిళ్ళ మట్టి వేసి పక్కకి తప్పుకుంటున్నారు. కొట్టు భాయి వంతు వచ్చింది. మీటింగు రోజు నుంచి ఆయన మాస్టారి గుమ్మం తొక్కలేదు, మాస్టారు కొట్టుకి వెళ్ళడం మాత్రం మానలేదని ఆపా చెప్పింది. ఒక గుప్పెడు వేశాడు. రెండోది వేశాడు. మూడోది తీసుకుని అలాగే నిలబడిపోయాడు. వెనకవాళ్ళు ఆగారు. ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. ఆయన తలూపి, ఆ మట్టి పిడికిలి విప్పకుండానే, గోతి దగ్గర నుంచి జరిగి వచ్చేశాడు.

మా వైపే వచ్చాడు. ఆపా ముందు ఒక్క క్షణం ఆగాడు. నా వైపు తిరిగి, "సిస్టర్, జర ఆ తలుపు తీస్తవా?" అన్నాడు. ఎడమ చేత్తో తాళాలిచ్చాడు. కారు తలుపు తీశాను. కూర్చున్నాడు. తాళం కూడా నేనే వంగి తిప్పాను. ముంజేత్తో గేరు వేసుకుని, ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకుని, బురదలోంచి మెల్లగా రోడ్డెక్కాడు. కుడి పిడికిలి పైకి పట్టుకునే ఉన్నాడు. తెల్ల చొక్కా చేతి మీదకి నల్లటి నీళ్ళు కారుతున్నాయి.